కీళ్ల నొప్పికి మందులు కాని మార్గాలు: ఏది మెదడులో ఏం చేస్తుంది, మీకు ఏది సరిపోతుంది

మా అమ్మ కుర్చీలోంచి లేచే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. రెండు అరచేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, పళ్లు బిగబట్టి, ఊపిరి ఆపి, అప్పుడు లేస్తుంది. మోకాలు ఇంకా కదలనే లేదు. నొప్పి ఇంకా రానే లేదు. ముఖంలో మాత్రం అప్పటికే వచ్చేసింది.

ఆమెకు మోకాళ్ల అరుగుదల మొదలై ఎనిమిదేళ్లు. ఇన్నేళ్లలో వేడి కాపడం, ఐస్ ప్యాక్, టెన్స్ యంత్రం, ఆక్యుపంక్చర్ సూదులు, వ్యాయామం, ధ్యానం అన్నీ చూశాం. మొదట్లో ఏది దేనికి పనికొస్తుందో తెలియక అన్నీ ఒకేసారి మొదలుపెట్టి, రెండు వారాలు తిరక్కుండానే అన్నీ ఒకేసారి మానేశాం. ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో చెప్పలేని పరిస్థితి. ఆ తర్వాత ఒక్కొక్కటీ విడిగా చదువుకుంటూ, విడిగా పరీక్షించుకుంటూ వచ్చాక నాకు అర్థమైంది ఒకటుంది. "వీటిలో ఏది మంచిది?" అని అడిగితే సరైన జవాబు దొరకదు. ఇది నొప్పిని ఎక్కడ ఆపుతుంది, ఎంతసేపు ఆపుతుంది, అది తగ్గిపోయాక మనకు ఏం మిగులుతుంది అని అడగాలి. ఈ మూడూ తెలిస్తే ఎంచుకోవడం చాలా తేలిక.

ముందు ఒక హెచ్చరిక. ఇక్కడ రాసేదంతా కీళ్ల అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థరైటిస్ గురించి. కీలు ఉన్నట్టుండి ఎర్రబడి, వేడెక్కి, వాచి, జ్వరం కూడా వస్తే, కాలు నేల మీద మోపలేకపోతే, పొద్దున్న లేచాక కీళ్లు గంటసేపు పట్టేసి ఉంటే, వీటితో కాలయాపన చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కీ గౌట్‌కీ మందులు తప్పనిసరి. వాటికి ఈ మార్గాలు పక్కన తోడుగా ఉండగలవు తప్ప మందుల స్థానంలోకి రాలేవు.

గుజ్జు అరిగితేనే నొప్పి వస్తుందా?

"మోకాలి గుజ్జు అరిగిపోయింది" అన్న మాట వినగానే మన మనసులో ఒక బొమ్మ పడిపోతుంది: ఎముకకు ఎముక రాసుకుంటోంది, ప్రతి అడుగుకూ ఇంకొంచెం అరుగుతోంది. ఆ బొమ్మ పడ్డాక నడవడానికి ఎవరికి ధైర్యం వస్తుంది?

కానీ అరుగుదలా నొప్పీ ఒకే కొలతలో నడవవు. ఎక్స్‌రేలో అరుగుదల కనిపించని, 50 ఏళ్లు దాటిన 710 మందికి మోకాలి ఎమ్మారై తీసి చూసిన ఒక అధ్యయనం 2012లో వచ్చింది. వాళ్లలో 89 శాతం మందికి మోకాల్లో ఏదో ఒక మార్పు కనిపించింది. నొప్పి ఉన్నవాళ్లలోనూ, లేనివాళ్లలోనూ ఆ శాతం దగ్గరదగ్గరగానే ఉంది. కాబట్టి స్కాన్‌లో కనిపించే మార్పును బట్టి నొప్పి ఎంతో చెప్పలేం.

దీని అర్థం నొప్పి ఊహ అని కాదు. ఈ మాట నేను గట్టిగా చెప్పాలి, ఎందుకంటే "నొప్పి మెదడులో ఉంది" అంటే చాలామందికి "నువ్వు నటిస్తున్నావు" అన్నట్టు వినిపిస్తుంది. మోకాలి నుంచి బయలుదేరే సంకేతం నిజమైనదే. అది నాడుల మీదుగా వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడు మధ్యలో ఉండే థాలమస్ అనే భాగం ద్వారా మెదడు పై భాగాలకు చేరుతుంది. ఎక్కడ, ఎంత గట్టిగా అన్నది లెక్కకట్టే భాగం ఒకటి. ఇది ఎంత బాధాకరం అని తూచే భాగాలు వేరు. దీనివల్ల ప్రమాదం ఉందా అని పాత జ్ఞాపకాలతో పోల్చి చూసే భాగాలు ఇంకా వేరు. వీటన్నిటి ఉమ్మడి తీర్పే మనకు నొప్పిగా తెలుస్తుంది. మా అమ్మ లేవక ముందే పళ్లు బిగబట్టిందంటే, ఆ తీర్పు సంకేతం అందకముందే వచ్చేసిందన్నమాట.

ఏళ్ల తరబడి నొప్పి ఉంటే మెదడు కూడా మారుతుంది. తుంటి కీలు అరిగినవాళ్ల మెదడు స్కాన్లు తీసిన జర్మన్ పరిశోధకులు 2009లో ఒక సంగతి చూపించారు. నొప్పిని మోసే కొన్ని భాగాల్లో బూడిదరంగు పదార్థం, అంటే నాడీకణాలు గుంపుగా ఉండే భాగం, తగ్గి ఉంది. కీలు మార్పిడి జరిగి నొప్పి పోయినవాళ్లకు మళ్లీ స్కాన్ తీస్తే, అది తిరిగి పెరగడం కనిపించింది. అది ఆపరేషన్ తర్వాతి సంగతే అయినా నాకు చాలా ధైర్యం ఇచ్చింది. నొప్పి వల్ల వచ్చిన ఆ మార్పు శాశ్వతం కాదు, నొప్పి తగ్గితే వెనక్కి తిరుగుతుంది.

నొప్పిని తగ్గించే మూడు చోట్లు

మోకాలికి దెబ్బ తగిలితే వెంటనే చేత్తో రుద్దుకుంటాం. ఎవరూ నేర్పక్కర్లేదు. అది ఎందుకు పనిచేస్తుందో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో వివరించారు. వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు ఉందనీ, స్పర్శను మోసే లావు నాడులు చురుగ్గా ఉంటే నొప్పిని మోసే సన్న నాడుల సంకేతం లోపలికి పోవడం తగ్గుతుందనీ వాళ్లు చెప్పారు. వాళ్లు గీసిన వివరాల్లో కొన్ని తర్వాత సవరించారు గానీ, వెన్నుపాములోనే నొప్పికి కోత పడుతుందన్న మూలసూత్రం నిలబడింది. ఇది మొదటి చోటు.

రెండోది పైనుంచి కిందికి దిగే ఆజ్ఞ. మెదడు కాండంలోంచి వెన్నుపాముకు దిగే నాడులు నొప్పి సంకేతాన్ని తగ్గించగలవు, పెంచనూ గలవు. ఈ పనికి శరీరం తానే తయారుచేసుకునే ఎండార్ఫిన్ల వంటి పదార్థాలు వాడుతుంది. 1978లో జ్ఞానదంతాలు తీయించుకున్నవాళ్ల మీద ఒక ప్రయోగం జరిగింది. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌తోనే కొందరికి నొప్పి తగ్గింది. అదే మనుషులకు నాలోక్సోన్ అనే, ఆ సహజ పదార్థాలను అడ్డుకునే మందు ఇస్తే నొప్పి మళ్లీ పెరిగింది. అంటే "తగ్గుతుంది" అన్న నమ్మకం ఒంట్లో నిజమైన రసాయనాలను కదిలించింది.

మూడోది అర్థం చెప్పుకునే చోటు. ఈ నొప్పి హాని చేస్తోందా, నేను దీన్ని తట్టుకోగలనా, రేపు ఎలా ఉంటుంది అన్న లెక్కలన్నీ అక్కడే జరుగుతాయి.

ఇక ఒక్కో మార్గాన్నీ ఈ మూడు చోట్ల పక్కన పెట్టి చూద్దాం.

వేడి, చల్లదనం

ఇవి ప్రధానంగా మొదటి చోట పనిచేస్తాయి. వెచ్చదనం చర్మంలోని నాడులను కదిలించి వెన్నుపాము దగ్గర పోటీ పెడుతుంది; చుట్టూ బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. చల్లదనం నాడిలో సంకేతం వెళ్లే వేగాన్నే తగ్గిస్తుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే వెచ్చదనం కాస్తా మంటగా మారుతుంది. ఆ మార్పును పసిగట్టే గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. "ఎంత వేడిగా పెడితే అంత మంచిది" అనుకోవడం అందుకే తప్పు. అరచెయ్యి హాయిగా ఆనించి ఉంచగలిగేంత చాలు, 15 నుంచి 20 నిమిషాలు.

ఏది ఎప్పుడు? కీలు పట్టేసినట్టుంటే వేడి. ఎక్కువ నడిచాక వాచి, సలుపుతుంటే చల్లదనం. అంతకుమించి శాస్త్రం అక్కర్లేదు, మీకు ఏది హాయిగా ఉంటే అది. మధుమేహం వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం రెండిటికీ జాగ్రత్తగా ఉండాలి. కాలిపోతున్నా తెలియదు.

ఉపశమనం కాసేపే. గంట, గంటన్నర తర్వాత మిగిలేది ఏమీ లేదు. కానీ ఆ గంటను తక్కువ చెయ్యకండి. దాన్ని ఎలా వాడుకోవాలో వ్యాయామం దగ్గర చెబుతాను.

టెన్స్ యంత్రం

చర్మం మీద ప్యాడ్లు అతికించి సన్నని విద్యుత్తు పంపే చిన్న పరికరం ఇది. సిద్ధాంతం ప్రకారం మొదటి చోటా, రెండో చోటా పనిచెయ్యాలి. జంతువుల మీద జరిగిన ప్రయోగాల్లో ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఒక రకం ఓపియాయిడ్ గ్రాహకాల (ఎండార్ఫిన్ల వంటివి అతుక్కునే చోట్ల) ద్వారా, తక్కువ ఫ్రీక్వెన్సీ మరో రకం ద్వారా పనిచేస్తున్నట్టు తేలింది. రోజూ ఒకే సెట్టింగ్ పెడితే నాలుగైదు రోజుల్లో ప్రభావం మొద్దుబారుతుందని కూడా ఆ ప్రయోగాలే చూపించాయి.

సిద్ధాంతం ఇంత బాగున్నా మనుషుల్లో ఫలితాలు నిరాశపరిచాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాల్లో మోకాలి, తుంటి అరుగుదలకు దీన్ని వాడవద్దని గట్టిగానే చెప్పింది. బ్రిటన్‌లోని చికిత్సలకు మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లో ఇంచుమించు అదే మాట అంది. నా అభిప్రాయం కూడా అదే: మొదటి ఖర్చు దీని మీద పెట్టకండి. ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకుని వారం రోజులు చూడండి. చూసేటప్పుడు మంచం మీద పడుకుని కాకుండా, ప్యాడ్లు పెట్టుకుని నడుస్తూ చూడండి. కరెంటు గట్టిగా తెలియాలి, బాధించకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు.

ఆక్యుపంక్చర్

ఇక్కడ విషయం కాస్త చిక్కుగా ఉంటుంది. అసలు సూదులకూ, ఉత్తుత్తి సూదులకూ మధ్య తేడా ఉంది, కానీ చిన్నది. ఏ చికిత్సా లేకపోవడంతో పోలిస్తే మాత్రం తేడా బాగా కనిపిస్తుంది. అంటే లాభంలో పెద్ద భాగం సూది గుచ్చిన చోటు నుంచి కాక, ఆ అరగంట ప్రశాంతత, శ్రద్ధగా వినే మనిషి, "తగ్గుతుంది" అన్న ఎదురుచూపు, వీటి నుంచి వస్తోంది. అవే సాక్ష్యాలు చూసి అమెరికా మార్గదర్శకం "కావాలంటే ప్రయత్నించవచ్చు" అంది, నైస్ "సూచించవద్దు" అంది. చిన్న తేడాకు ఎంత విలువ ఇవ్వాలన్న దగ్గరే వాళ్లు విడిపోయారు.

ఎదురుచూపు వల్ల వచ్చే లాభాన్ని చులకన చెయ్యడం నాకు నచ్చదు. 2002లో మోకాలి అరుగుదల ఉన్న 180 మందితో ఒక ప్రయోగం జరిగింది. కొందరికి నిజంగా కీలు లోపల శుభ్రం చేసే ఆపరేషన్ చేశారు, కొందరికి పైన చర్మం కోసి కుట్లు మాత్రం వేశారు. రెండేళ్లపాటు చూసినా రెండు రకాల వాళ్ల మధ్యా తేడా లేదు. అంటే తగ్గుదల ఉన్నా, దానికి కీలు లోపల చేసిన శుభ్రం కారణం కాదు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లలో ఉత్తుత్తి మందుకు ఎవరు స్పందిస్తారో మెదడు ముందుభాగంలోని కొన్ని అనుసంధానాలను చూసి ముందే అంచనా వేయవచ్చని 2016లో వచ్చిన మరో పరిశోధన చూపించింది. కాబట్టి అందరికీ ఒకేలా పనిచెయ్యకపోవడంలో ఎవరి తప్పూ లేదు.

నా సలహా: మీకు సూదుల మీద గురి ఉంటే, శిక్షణ పొందిన మనిషి అందుబాటులో ఉంటే, ఐదారు సార్లు వెళ్లి చూడండి. ఆ తర్వాత కూడా రోజువారీ పనిలో తేడా తెలియకపోతే ఆపేయండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. "జీవితాంతం వారానికోసారి రావాలి" అన్నవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లవద్దు.

వ్యాయామం

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. మూడు చోట్లా పనిచేసేది, ఆపాక కూడా ఏదో మిగిల్చేది నాకు తెలిసి ఇదొక్కటే.

వెంటనే జరిగేది: కండరాలు పనిచేస్తున్నప్పుడు, ఆ తర్వాత కాసేపు, మెదడు కాండం నుంచి దిగే తగ్గింపు ఆజ్ఞ బలపడుతుంది. ఎండార్ఫిన్లూ, శరీరం తయారుచేసుకునే గంజాయి తరహా పదార్థాలూ ఇందులో పాలుపంచుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇది సాధారణంగా జరుగుతుంది. ఏళ్ల తరబడి నొప్పి ఉన్నవాళ్లలో మాత్రం మొదట్లో ఈ ఏర్పాటు మందకొడిగా ఉండి, కొందరికి వ్యాయామం తర్వాత నొప్పి పెరుగుతుంది కూడా. మొదటి రెండు వారాల్లోనే చాలామంది మానెయ్యడానికి కారణం ఇదే. "నాకు పడలేదు" అనుకుంటారు. పడకపోవడం కాదు, మోతాదు ఎక్కువైంది.

నెమ్మదిగా జరిగేది ఇంకా ముఖ్యం. తొడ ముందు కండరం గట్టిపడితే కీలు మీద కుదుపు తగ్గుతుంది. మెదడులో జరిగేది దీనికన్నా ఆసక్తికరం. లేస్తే నొప్పి పదికి ఏడు ఉంటుందని మెదడు అంచనా వేసింది. నెమ్మదిగా, ఎత్తైన కుర్చీలోంచి లేస్తే నాలుగే వచ్చింది. అంచనాకూ అనుభవానికీ మధ్య తేడా వచ్చింది. ఒకసారి వస్తే మెదడు పట్టించుకోదు. రోజుకు పదిసార్లు, ఎనిమిది వారాలు వస్తే అంచనాను మార్చుకోక తప్పదు. పళ్లు బిగబట్టడం తగ్గేది అప్పుడే. దీన్ని వేడీ కరెంటూ సూదీ చెయ్యలేవు, ఎందుకంటే వాటిలో మనం మోకాలితో చేసేదేమీ లేదు.

సాక్ష్యం కూడా దీనికే ఎక్కువ. 2015లో 54 అధ్యయనాలను కలిపి చూసిన, కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్షా సంస్థ నివేదికలో, 100 పాయింట్ల కొలత మీద నొప్పి సగటున 12 పాయింట్లు తగ్గింది. పెద్ద సంఖ్య కాదు, నిజమే. కానీ అది సగటు, పైగా నొప్పి మాత్రల్లా కడుపులో మంట పెట్టని 12 పాయింట్లు. 2020లో మోకాలి అరుగుదల ఉన్న 156 మందిలో సగం మందికి స్టిరాయిడ్ ఇంజెక్షన్లు, సగం మందికి ఫిజియోథెరపీ ఇచ్చి ఏడాది తర్వాత చూస్తే, నొప్పీ కదలికా రెండిట్లోనూ ఫిజియోథెరపీ పొందినవాళ్లే మెరుగ్గా ఉన్నారు.

ఏ వ్యాయామం అన్నది మీరు అనుకున్నంత ముఖ్యం కాదు. 2016లో 204 మందికి తాయ్ చీనీ (నెమ్మదైన కదలికలతో చేసే చైనా వ్యాయామం), ఫిజియోథెరపీనీ పోల్చి చూస్తే నొప్పి విషయంలో రెండూ సమానంగా నిలిచాయి. దిగులు తగ్గడంలో తాయ్ చీ కాస్త ముందుంది. నీళ్లలో నడక, సైకిలు, యోగా, ఏదైనా సరే. ఎనిమిది వారాల తర్వాత కూడా మీరు మానకుండా చేసేదే మీకు సరైనది.

మా ఇంట్లో పనిచేసింది చాలా చిన్నది. చేతులున్న, కాస్త ఎత్తైన కుర్చీ. అంచుకు జరిగి కూర్చోవాలి. పాదాలు మోకాళ్ల కన్నా రెండంగుళాలు వెనక్కి లాగాలి. ముక్కు పాదాల వేళ్ల మీదకు వచ్చేదాకా ఒంటిని ముందుకు వంచాలి. అప్పుడు ఊపిరి వదులుతూ లేవాలి. ఊపిరి వదలడం చిన్న విషయంలా కనిపిస్తుంది. మా అమ్మ ఊపిరి బిగబట్టి లేచినప్పుడు నొప్పి ఆరు అనేది, వదులుతూ లేచినప్పుడు నాలుగు అనేది, అదే కుర్చీ, అదే మోకాలు. కూర్చునేటప్పుడు ధబాల్న పడకుండా, మూడు అంకెలు లెక్కపెట్టుకుంటూ దిగాలి. అసలు పని దిగేటప్పుడే జరుగుతుంది.

నొప్పి ఎంతవరకు పరవాలేదు? ఫిజియోథెరపిస్టులు వాడే కొలత ఇది: పదికి రెండు దాకా నిశ్చింతగా చెయ్యవచ్చు, ఐదు దాకా ఒప్పుకోవచ్చు, ఐదు దాటితే తగ్గించాలి. పెరిగిన నొప్పి మర్నాటికి మామూలు స్థితికి రావాలి. రాకపోతే సంఖ్య తగ్గించండి, మానకండి.

ఇందాక వేడి గురించి చెబుతానన్నది ఇదే. కాపడం పెట్టిన వెంటనే దొరికే గంటలో కుర్చీ వ్యాయామం చెయ్యండి. అంచనా కన్నా తక్కువ నొప్పితో కదలడమన్న అనుభవం మెదడుకు అప్పుడే తేలిగ్గా దొరుకుతుంది. కాపడం పెట్టుకుని నిద్రపోతే ఆ అవకాశం పోయినట్టే.

బరువు, చేతికర్ర

ఇవి మెదడు దాకా పోవు, సంకేతం పుట్టే చోటే దాన్ని తగ్గిస్తాయి. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో లెక్కకట్టారు. అధిక బరువు ఉన్నవాళ్లకు వ్యాయామంతో పాటు ఇది కలిస్తే, విడివిడిగా చేసినదాని కన్నా ఎక్కువ ఫలితం వస్తుంది. చేతికర్రను నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. చాలామంది అదే వైపు పట్టుకుంటారు. కర్ర పట్టుకోవడం ఓడిపోవడంగా భావించి గడప దాటని వాళ్లను చూశాను. కర్రతో రెండు వీధులు నడవడం, కర్ర లేకుండా ఇంట్లో కూర్చోవడం కన్నా మోకాలికీ మెదడుకీ కూడా మేలు.

మనసు వైపు మార్గాలు

ధ్యానం, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స), నొప్పి గురించి సరిగ్గా తెలుసుకోవడం, నిద్ర. ఇవి మూడో చోటి సంగతులు.

ధ్యానం గురించి 2011లో ఒక చిన్న ప్రయోగం జరిగింది. ఆరోగ్యంగా ఉన్న 15 మందికి నాలుగు రోజులు, రోజుకు 20 నిమిషాలు నేర్పి, కాలికి వేడి తగిలిస్తూ మెదడు స్కాన్ తీశారు. నొప్పి తీవ్రత 40 శాతం తగ్గిందన్నారు, దానివల్ల కలిగే బాధ 57 శాతం తగ్గిందన్నారు. రెండు అంకెల మధ్య తేడా చూడండి. నొప్పి ఉంది, అది బాధించడం ఇంకా ఎక్కువ తగ్గింది. 2016లో అదే పరిశోధకులు నాలోక్సోన్ ఇచ్చి చూశారు, అయినా ధ్యానం వల్ల వచ్చిన ఉపశమనం పోలేదు. అంటే ఇది ఎండార్ఫిన్ల దారి కాదు, వేరే దారి. వ్యాయామంతో కలిపి చెయ్యడంలో అర్థం ఉందనిపించేది ఇందుకే. కాకపోతే ఇది ప్రయోగశాలలో పెట్టిన వేడి, ఎనిమిదేళ్ల మోకాలి నొప్పి కాదు. అంత పెద్ద అంకెలు ఇంట్లో ఆశించవద్దు.

నిద్రను మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. ఒక రాత్రంతా మేలుకున్న ఆరోగ్యవంతుల మెదడును 2019లో పరిశీలిస్తే, నొప్పి తీవ్రతను లెక్కకట్టే భాగం మరింత చురుకైంది, నొప్పిని తూచి తగ్గించే భాగాలు మందగించాయి. రాత్రి మోకాలు సలపడం వల్ల నిద్ర పోతుంది, నిద్ర లేక మర్నాడు మోకాలు ఇంకా సలుపుతుంది. ఈ చక్రంలో ఉన్నవాళ్లు వ్యాయామం కన్నా ముందు నిద్రలేమి కోసం థెరపిస్టును కలవడమే మంచిదని నేను అనుకుంటున్నాను.

ఒక చిన్న వింత కూడా చెప్పనివ్వండి. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో 2011లో చేతివేళ్ల అరుగుదల ఉన్నవాళ్లకు, కెమెరా, తెరల సాయంతో తమ వేలు సాగుతున్నట్టూ కుంచించుకుపోతున్నట్టూ చూపించారు. వేలికి జరిగిందల్లా కాస్త లాగడం, నొక్కడం. అంతకే చాలామందికి నొప్పి తగ్గింది. ఇంట్లో చేసుకునే చికిత్స కాదిది. కళ్లు చెప్పే మాటను కూడా మెదడు నొప్పి లెక్కలో కలుపుకుంటుందని తెలుస్తుంది.

అయితే మీకు ఏది?

పొద్దున్నే పట్టేసి, కదిలితే సర్దుకునే రకం అయితే వేడి, వెంటనే కుర్చీ వ్యాయామం. ఇంకేమీ అక్కర్లేదు.

కదిలితే ఇంకా అరుగుతుందన్న భయంతో ఏడాదిగా పనులు మానేసినవాళ్లయితే, ముందు ఒక మంచి ఫిజియోథెరపిస్టు పక్కన నిలబడి చేయించాలి. డెన్మార్క్‌లో 2013లో మొదలైన గ్లాడ్ అనే కార్యక్రమంలో వ్యాయామం కన్నా ముందు నొప్పి గురించిన పాఠాలు చెబుతారు. ఆ వరస సరైనదని నా నమ్మకం. భయం ఉన్నవాళ్లకు ఒంటరిగా వీడియో చూసి చెయ్యమంటే చెయ్యరు.

నొప్పి కన్నా దాని గురించిన ఆలోచనే రోజంతా తినేస్తుంటే ధ్యానమో, థెరపీనో వ్యాయామంతో జతచెయ్యండి. అధిక బరువు ఉంటే దాన్ని ఈ జాబితా బయట పెట్టకండి. ఉన్నట్టుండి నొప్పి ఎగసిన వారంలో చల్లదనం, చేతికర్ర, సగం వ్యాయామం. ఇవన్నీ చేసి మూడు నెలలైనా నడక కుంచించుకుపోతూనే ఉంటే, మందుల గురించీ ఆపరేషన్ గురించీ డాక్టరుతో మాట్లాడటం ఓటమి కాదు. ఇంకా ఆలస్యం చెయ్యడమే తప్పు.

పరీక్షించే పద్ధతి గురించి ఒక మాట. ఒకసారి ఒకటే మొదలుపెట్టండి. వేడి, టెన్స్ లాంటివాటికి వారం, పది రోజులు చాలు. వ్యాయామానికీ ధ్యానానికీ ఎనిమిది వారాలు ఇవ్వాలి. నొప్పి అంకె ఒక్కటే రాసుకుంటే మోసపోతాం, ఎందుకంటే తగ్గిన కొద్దీ మనం ఎక్కువ పనిచేసి దాన్ని మళ్లీ అక్కడికే తెస్తాం. పక్కనే చేసిన పని కూడా రాయాలి. మా అమ్మ నోటుపుస్తకంలో మొదటి వారం ఇలా ఉంది: కుర్చీ 4 సార్లు, నొప్పి 6. ఎనిమిదో వారం: కుర్చీ 12 సార్లు, నొప్పి 5. అంకె చూసి "ఒకటేగా తగ్గింది" అంది. ఆ మాట అంటూనే కుర్చీలోంచి లేచి, పుస్తకం అలమరలో పెట్టడానికి వెళ్లింది. చేతులు కుర్చీ మీద ఆనించలేదు.